ఇలకూర చుట్టాల కోసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

జగిత్యాల వెళ్తున్నానని చెబితే హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు వాళ్ళు కొండగట్టుకా అన్నారు. కాదంటే ధర్మపురికా అన్నారు. అదీ కాదంటే ఇక వేములవాడే అయి ఉంటుందని వాళ్ళే తీర్మానించి, తమ పేర కూడా ఒక దండం పెట్టుకు రమ్మన్నారు. ఒక మొక్క పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి వెళ్తున్నానని నేను చెప్పలేదు. మునుపొకసారి అలాంటి నిజం చెబితే పక్క ఫ్లాటు ఆవిడ నా భుజం తట్టి, "పర్మనెంటు ఉద్యోగం వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యాలి కదండీ" అంది.

నేను పనిచేసేది మొక్కల జన్యువులు చదివే ల్యాబులో. ఉప్పు నేలల్లో బతుకుతూ, లావు లావు ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు మా సబ్జెక్టు. వీటితో ఒక చిక్కుంది. ఉప్పుకి ఓర్చుకోవాలంటే ఎవరైనా అదే అవతారం ఎత్తాలి కాబట్టి, ఏ సంబంధమూ లేని మొక్కలు కూడా చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఆకారాన్ని బట్టి చుట్టరికం కలపడమంటే ఖాకీ చొక్కాలు చూసి ఆటోవాళ్ళంతా అన్నదమ్ములనుకోవడమే. అందుకని ప్రతి కణంలోనూ ఉండే పొడవాటి నాలుగక్షరాల రాతను యంత్రంతో చదివి, ఒక మొక్క రాత పక్కన ఇంకో మొక్క రాత పెట్టి తేడాలు చూస్తాం. తేడా తక్కువుంటే దగ్గరి చుట్టాలు. ఎక్కువుంటే శుభలేఖ మాత్రం పంపుకునే చుట్టాలు. ఆ లెక్కంతా గీతల్లో గీస్తే వంశవృక్షం.

మా వంశవృక్షంలో ఒక కొమ్మ మాత్రం ఎవరికీ చెందకుండా నిలబడింది. జగిత్యాల డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రాజేశం గారనే లెక్చరరు, కొడిమ్యాల దగ్గరి చవుడు నేలలో దొరికిందని ఎండుటాకులు పోస్టులో పంపారు. వాటి రాత చదివితే సగం సముద్ర తీరపు ఇలకూర కుటుంబం వైపూ సగం మా వైపు పావిలికూర అనే గంగవాయిలి కుటుంబం వైపూ లాగుతోంది. మా ప్రొఫెసరు గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. "ఇది కొత్త జాతి కూడా కాదు, కొత్త కుటుంబం" అన్నారు. దానికి ఎవరి పేరు పెట్టాలన్న విషయం మీద వెంటనే మీటింగు పెట్టారు. తాజా మొక్క చూపిస్తే తప్ప అచ్చు వేసేది లేదని పరిశోధన పత్రికవాళ్ళు అడ్డం పడబట్టి నన్ను పంపారు.

ఆ ఎండుటాకులు మీరైనా చూడలేదా అని అడుగుతారేమో. మా ల్యాబులో ఆకులు నూరేవాళ్ళు కింది అంతస్తులో ఉంటారు, అక్షరాలు చదివేవాళ్ళం పై అంతస్తులో ఉంటాం. మధ్యలో లిఫ్టు చాలాకాలంగా పనిచేయడం లేదు.

జగిత్యాల: శాలువా

బస్సు దిగేసరికి బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలో నేను కనిపించాను. మా సంస్థ వెబ్‌సైటులోని పాత ఫోటో అది, జుట్టంతా నల్లగా ఉన్న కాలం నాటిది. నా పక్కన నాకంటే రెండింతలు పెద్దగా రాజేశం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పైన "ఉప్పు మొక్కను లోకానికి చాటిన మా సారుకు అభినందనలు" అని ఉంది. మా ఇద్దరి మధ్యా మొక్క ఉండాల్సిన చోట రాజస్థాన్ ఎడారిలోని బ్రహ్మజెముడు ఉంది.

అసలు రాజేశం గారు ఫ్లెక్సీ కింద ఇస్త్రీ చొక్కాతో, చేతిలో పూలదండతో నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి. కంగారుగా, సంతోషంగా ఉన్నారు.

"మేడం, బ్యాగు నాకియ్యుర్రి. అందరు మీ కోసమే ఎదురుచూస్తున్నరు. పది నిమిషాల ప్రోగ్రాం, గంతే" అన్నారు.

మా వైపు, అంటే బాపట్ల అవతల సముద్రం పక్కన, సన్మానానికి పిలిస్తే మనిషి వచ్చాక కాళ్ళు కడుక్కోనిచ్చి, కాఫీ ఇచ్చి, తర్వాత మొదలుపెడతారు. ఇక్కడ నేను సందు చివర ఉండగానే నా గొప్పతనం మైకులో వినిపిస్తోంది. వినగా నేను అమెరికాలో చదివానట. హాలులోకి అడుగుపెట్టగానే నా భుజాల మీద శాలువా పడింది. దాని మీద ఇంకొకటి, ఆ పైన మరొకటి. ప్రసంగించిన పెద్దమనుషుల్లో ఒకాయన ఉప్పు సత్యాగ్రహం గురించి, ఇంకొకాయన ఉప్పు ఎక్కువ తింటే వచ్చే బీపీ గురించి మాట్లాడారు. మొక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. అది అక్కడ లేదు కాబట్టి నొచ్చుకోలేదు.

చివర్లో ఒక విలేకరి లేచాడు. "మేడం, గీ మొక్క విలువ ఎంతుంటది?"

"విజ్ఞానపరంగా వెలకట్టలేం" అన్నాను.

జీవితంలో చాలా తెలివితక్కువ మాటలు అన్నానుగానీ ఇంత ఖరీదైనది అనలేదు. ఆ సంగతి తెలియడానికి ఇంకా సమయం ఉంది. అప్పటికి మాత్రం సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి, గిన్నె అడుగుకు మందంగా తట్టి కాల్చే అప్పచ్చి అది. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. మూడు ముక్కలు తిన్నాను. ఉపన్యాసాలన్నీ క్షమించాను.

కొడిమ్యాల దగ్గర: రాజవ్వ చవుడు

మర్నాడు పొద్దున్నే రాజేశం గారి కారులో బయల్దేరాం. కోతల కాలం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, మిగిలిన సగంలో రెండు వైపుల బండ్లూ సర్దుకుంటున్నాయి. మా ఊళ్ళో రోడ్డు మీద చేపలు ఎండబెడతారు కాబట్టి నాకేమీ తప్పనిపించలేదు. పైగా వడ్లు వాసన రావు.

పంటకాలువ కింది పొలాలు దాటాక నేల రంగు మారింది. సున్నం చల్లినట్టు పైన తెల్లటి పెచ్చు కట్టి ఉంది. దశాబ్దాలుగా నీళ్ళు నిలిచి, ఎండి, అడుగునున్న ఉప్పంతా పైకి తేలిన నేల అది. ఆ తెలుపు మధ్యలో కొంత మేర, మోకాలెత్తున, ఎర్రబారిన ఆకుపచ్చ కొమ్మలతో మా వెలకట్టలేని మొక్క నిలబడి ఉంది.

నేను దగ్గరికి వెళ్ళి ఒక కొమ్మ తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా, కొంచెం వగరుగా, చిన్ననాటి రుచి.

"రాజేశం గారూ, ఇది ఇలకూర" అన్నాను. "మా ఊళ్ళో ఉప్పు మళ్ళ గట్ల మీద ఇదే ఉంటుంది. రొయ్యపొట్టు వేసి వండుతాం."

ఆయన మొహం పాలిపోయింది. "గట్లెట్లయితది మేడం? మీ రిపోర్టుల కొత్తదని అచ్చింది గద."

ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. ఆయన నిదానంగా నవ్వారు. "ఆకారం మోసం చేస్తుందమ్మా. జన్యువు మోసం చేయదు. కొమ్మలు తీసుకురా చాలు, రుచి చూడమని పంపలేదు."

ఇంతలో గట్టు మీద నుంచి ఒకావిడ చేతిలో కొడవలితో వచ్చింది. పొడగరి, అరవై పైబడి ఉంటుంది. ఆ భూమి ఆమెదే, పేరు రాజవ్వ. తరతరాలుగా సెంటు భూమి లేక కూలి చేసుకున్న కుటుంబం. ఆమె పెనిమిటి బతికున్న రోజుల్లో సర్కారు లావుణి పట్టా కింద ఈ ఎకరంన్నర ఇచ్చింది.

"ఇచ్చేటప్పుడు ఊరంత చప్పట్లు కొట్టిన్రు" అంది రాజవ్వ. "నాగలి కట్టినంక తెలిసింది, ఎందుకిచ్చిన్రో. వరేస్తే మండిపాయె, మక్క ఏస్తే మొలకనే రాకపాయె. గా గడ్డి ఒక్కటే పెరుగుతది. దాన్ని చూసెతందుకు హైదరాబాద్ కెళ్ళి అచ్చిన్రా?"

"ఈ మొక్కకు దగ్గరి చుట్టాలెవరో తెలుసుకోవాలమ్మా. అందుకే వచ్చాను."

"మొక్కలకు సుట్టాలా?" అని కొడవలి నేలకు ఆనించి నవ్వింది. "తెలిస్తే ఏం జేస్తరు? పెండ్లికి పిలుస్తరా?"

రాజేశం గారు కలగజేసుకున్నారు. "అవ్వా, గిది ప్రపంచంల యాడ లేని మొక్క. నీ భూమి పేరు ఇగ పుస్తకాలల్ల ఉంటది."

"భూమి పేరుంటదా, నా పేరుంటదా?"

ఆయన వంగి ఒక కొమ్మ తుంచారు. రాజవ్వే మాట మార్చింది. "గీ గడ్డి సిరిసిల్లల గూడ ఉన్నది సారు. మా బిడ్డ లావణ్య ఆడ అద్దకం షెడ్ల పనిజేస్తది. వాండ్ల కాలువ పొంటి గిదే."

సిరిసిల్ల మా పథకంలో లేదు. కొమ్మలు కాగితపు సంచుల్లో వేసుకుని, నా నంబరు రాజవ్వకిచ్చి, లావణ్య ఫోను నంబరు కూడా తీసుకున్నాను.

కోరుట్ల: గంగవాయిలి పప్పు

రాజేశం గారి ఇల్లు కోరుట్లలో. మధ్యాహ్నం భోజనం అక్కడేనని ఆయన పట్టు. కోరుట్ల వీధుల్లో అరుగుల మీద ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతూనే ఉంటారు, టీవీ చూస్తూనే ఉంటారు, వేళ్ళ పని వేళ్ళు చేసుకుపోతాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు రొయ్యలు ఒలిచేది ఇలాగే. రెండు చోట్లా ముందు పోయేది నడుమే.

ఆయన భార్య స్వరూప గారు బగార అన్నం, కోడికూర, పచ్చిపులుసు చేశారు. వాటి పక్కన గంగవాయిలి పప్పు. చిన్న లావు ఆకులు, కాస్త పులుపు. ఉప్పు నేలల్లోనూ నెగ్గుకొచ్చే గంగవాయిలి కుటుంబంలో అందరూ ఇష్టపడే సభ్యురాలు అదే. మరో గరిటె వేయించుకుని, ఎక్కడ దొరికిందని అడిగాను.

"మా పెరట్లదే అక్కా" అన్నారు స్వరూప గారు. "మా సారు మీకు పంపిన దాంట్ల గూడ గిదున్నది గద. తిన్నరా మరి?"

నా చెయ్యి కంచంలో ఆగింది. రాజేశం గారి చెయ్యి గాల్లో ఆగింది.

"ఏ దాంట్ల?" అన్నారాయన.

"అగో, మీరే రెండు కవర్లు జేసిన్రు. ఒకదాంట్ల చవుట్ల దొరికింది, ఒకదాంట్ల పెరట్ల గంగవాయిలి. పోల్చి చూసెతందుకన్నరు. పోస్టాఫీసుల రెండిటికి రెండుసార్లు పైసలడిగిండు. గిన్ని ఎండుటాకులకు రెండు పార్సిళ్ళెందుకని నేనే ఒక్క కవర్ల పోసి పంపిన."

మా వంశవృక్షంలో ఎవరికీ చెందని కొమ్మ, రెండు కుటుంబాల మధ్య నిలబడిన అపూర్వ జీవి, ప్రొఫెసరు గారి నిద్ర చెడగొట్టిన అద్భుతం, ఒకే కవరులో కలిసి ప్రయాణించిన రెండు కూరలు. కింది అంతస్తువాళ్ళు చేతికొచ్చిన ఆకులన్నీ కలిపి నూరారు. పై అంతస్తులో నేను ఆ ముద్దను చదివి, ఇదేదో వింత మొక్క అన్నాను. ప్రొఫెసరు గారు చెప్పింది నిజమే, జన్యువు మోసం చేయలేదు. సగం ఇలకూర, సగం గంగవాయిలి అని మొదటి రోజే చెప్పింది. దాని మాట నమ్మనిది మేమే.

నాకు నవ్వొచ్చింది. రాజేశం గారి మొహం చూసి ఆపుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఒక్క మైక్రోస్కోపు ఉన్న ప్రయోగశాలలో పాఠాలు చెప్పిన మనిషి. ఊరంతా మొదటిసారి సారు సారు అంటోంది. బస్టాండు ఎదురుగా ఆయన బొమ్మ ఇంకా వేలాడుతోంది.

"నేనేమన్న తప్పు జేసిన్నా?" అన్నారు స్వరూప గారు, మా ఇద్దరినీ చూసి.

"లేదు స్వరూపా. పప్పు మంచిగున్నది" అన్నారాయన. అన్నం మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

అప్పుడే నా ఫోను మోగింది. సిరిసిల్ల నుంచి లావణ్య. "మేడం, మీరు పేపరుకు ఏం జెప్పిన్రు? మా అవ్వ భూమికి మాజీ సర్పంచి కంచె ఏస్తున్నడట."

పత్రిక తెప్పించి చూశాం. జిల్లా పేజీలో నా శాలువాల ఫోటో. పైన "చవుడు భూమిలో వెలకట్టలేని మొక్క". కింద బ్రహ్మజెముడు.

మళ్ళీ కొడిమ్యాల: కంచె

వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాం. రాజేశం గారు దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. వడ్ల కుప్పల మధ్య ఆయన కారు నడిపిన తీరుకి, మొక్కుబడి లేని నేను కొండగట్టు మలుపులో దండం పెట్టుకున్నాను.

పొలం దగ్గర తిరునాళ్ళలా ఉంది. పిల్లలూ పెద్దలూ వచ్చి మొక్కతో సెల్ఫీలు దిగుతున్నారు. షుగరుకు మందని ఒకరు కొమ్మలు విరిచి సంచిలో వేసుకుంటుంటే, మోకాళ్ళ నొప్పులకని ఇంకొకరు ఆకు రుద్దుకుంటున్నారు. మూడు వైపులా సిమెంటు కడీలు పాతి, ముళ్ళ తీగ లాగడం అప్పటికే అయిపోయింది. నాలుగో వైపు గుంతలు తవ్వుతున్నారు. మాజీ సర్పంచి తెల్ల చొక్కాతో, తెల్ల చెప్పులతో, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎదురుగా రాజవ్వ నిలబడి అరుస్తోంది.

"ఇరవై ఏండ్ల సంది ఈడ పురుగు గూడ తొంగి చూడలే! ఇయ్యాల నీ తాతల భూమి ఎట్లయిందిరా?"

"లొల్లి పెట్టకు రాజవ్వా" అన్నాడాయన తాపీగా. "అప్పట్ల సర్వేల తప్పు పడ్డది. అసలు హద్దు గీడి దాక మాదే. నేను ఊకున్న గంతే, మంచితనానికి." నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. "రాండ్రి మేడం! మీ అసుంటోళ్ళు అచ్చి మా ఊరికి పేరు తెచ్చిన్రు. కిలో ఎంత పలుకుతది?"

"ఏమీ పలకదండీ. ఇది ఇలకూర. మా ఊళ్ళో ఊరికే కోసుకుని వండుకుంటాం."

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసి నవ్వాడు. "గట్లనే అంటరు మేడం. కొనేటోడు ఎప్పుడు తక్కువనే జెప్తడు. కూరాకు కోసం హైదరాబాద్ కెళ్ళి ఎవలన్న అస్తరా?"

నిజంగానే కూరాకు కోసం హైదరాబాదు నుంచి వచ్చాను.

అప్పుడు రాజేశం గారు ముందుకు వచ్చారు. జేబు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. సన్మానంలో మైకు పట్టుకున్నప్పుడున్న గొంతు కాదు అది.

"సర్పంచి సాబ్, తప్పంత నాది. కొత్త మొక్క లేదు, ఏం లేదు. నేను పంపిన కవర్ల రెండు రకాల ఆకులు కలిసినయి. ఒకటి గీ గడ్డి, ఇంకోటి మా పెరట్ల గంగవాయిలి. నేను చూసుకోకుండ పంపిన. వాండ్లు కొత్తదనుకున్నరు. నేను ఫ్లెక్సీ కట్టిచ్చుకున్న."

భార్య పేరు ఎత్తకపోవడం నేను గమనించాను.

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "గంగవాయిలికా సారు, సన్మానం చేసుకున్నది?" ఆ నవ్వు పొలమంతా పాకింది. ఆయన శిష్యులు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు ఆ గుంపులో. ఆయన తల దించుకోలేదు. నవ్వు అయిపోయేదాకా నిలబడి, "గిది వాస్తవం. ఇగ కంచె తీయిర్రి" అన్నారు.

మాజీ సర్పంచి మాత్రం నవ్వలేదు. "సారును బెదిరిచ్చిన్రు. పెద్దోళ్ళున్నరు దీనెనుక" అని, కూలీలను తవ్వడం ఆపొద్దన్నాడు. చదువుకున్న మనిషి తన పరువు తానే తీసుకుంటాడని ఆయనకు ఊహకందలేదు. ఆయన అనుభవంలో అలాంటిది జరిగి ఉండదు.

తగువు తెంపింది రాజవ్వే. ఎప్పుడు వెళ్ళిందో వెళ్ళింది. కాసేపటికి నాలుగో వైపు నుంచి, కంచె లేని వైపు నుంచి, దుమ్ము లేచింది. వెనక ఒక గొల్లాయన, ముందు రాజవ్వ, మధ్యలో గొర్రెల మంద. ఆ మందను ఆమె నేరుగా ఇలకూరలోకి తోలింది. గొర్రెలకు ఉప్పంటే ఎంత ఇష్టమో చూసి తీరాలి. మేం వంశవృక్షంలో చోటు వెతకలేక నెలలు తన్నుకులాడిన మొక్క, జనం చూస్తుండగానే మొదళ్ళ దాకా మాయమైంది. ఒక పొట్టేలు తల ఎత్తి మమ్మల్నందర్నీ చూసి, మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.

"ఇగ ఏం ఏరుకుంటవో ఏరుకో" అంది రాజవ్వ మాజీ సర్పంచితో.

గుంపు ఒక్కొక్కరే జారుకుంది. ఉట్టి తెల్ల చవుడు మీద కూర్చుని ఏం చేయాలో తోచక మాజీ సర్పంచి కూడా కుర్చీ మడిపించాడు. వెళ్తూ, కడీలు పీకి ట్రాక్టరులో వేయమన్నాడు. రాజవ్వ కొడవలి పట్టుకుని మొదటి కడీకి అడ్డం నిలబడింది.

"నా భూమిల పాతింది నాది. పందులు రాకుండ అక్కరకస్తది. నీ తాత గుర్తుగ ఉంచుకుంట."

కూలీలు సాయంత్రం కూలి కోసం చూసుకునే మనుషులు. పాతినందుకు ఇచ్చాక, పీకినందుకు మళ్ళీ ఇస్తావా అని అడిగారు. మాజీ సర్పంచి లెక్క చూసుకున్నట్టున్నాడు. కంచె ఉండిపోయింది.

సిరిసిల్ల: రంగుల కాలువ

మర్నాడు చందుర్తి దారిలో కాకుండా వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాం. మీరెందుకులెండి సారూ అంటే రాజేశం గారు వినలేదు. "మొదలువెట్టింది నేను, తేల్చేదాక ఉంట" అన్నారు. ఆ పొద్దున ఆయనే స్వయంగా బస్టాండు ఎదుటి ఫ్లెక్సీ విప్పించి వచ్చారు. వట్టిగా పారేయడం ఎందుకని కారు వెనక సీటు మీద పరిచారు. నేను నా మొహం మీదే కూర్చుని ప్రయాణం చేశాను.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మొదట చెవుల్లో పడుతుంది, తర్వాత ఎముకల్లో దిగుతుంది. మనుషులు మామూలుగానే కేకలేసి మాట్లాడుకుంటారు. హోటల్లో టీ అడిగితే నేను తగువుకి వచ్చాననుకున్నారు.

లావణ్య మమ్మల్ని ఊరి చివర అద్దకం షెడ్డు దగ్గర కలిసింది. ముప్పై దాటి ఉంటాయి, తల్లి పొడవే. మోచేతుల దాకా నీలం. షెడ్డు వెనక సన్నటి కాలువ. ఆ రోజు అదీ నీలమే. "ఎర్ర నూలు అద్దితే ఎర్రగ పారుతది" అంది. రంగు నూలుకు పట్టడానికి కుండీల్లో ఉప్పు మూటలకు మూటలు పోస్తారట. ఆ ఉప్పు నీళ్ళ కాలువ గట్టు మీద, నీలం మరకల మధ్య, మా ఇలకూర ఏపుగా పెరిగి ఉంది.

"ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగాను.

"లారీలల్ల అస్తది. ఆంధ్రల సముద్రం కాడికెళ్ళి. ఒట్టి సంచులు మా అవ్వకిస్త. గుడిసె మీద కప్పుతది, పొలంల గట్టు తెగినకాడ మట్టి నింపి పెడ్తది."

రాజేశం గారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఉప్పు మళ్ళ గట్ల మీది విత్తనాలు ఉప్పుతో పాటు సంచికెక్కి, లారీలో ఇంత దూరం వచ్చి, కాలువ పక్క దిగి, మళ్ళీ సంచి ఎక్కి, కొడిమ్యాల చవుట్లో కాపురం పెట్టాయన్నమాట. అయితే అది ఊహే. రాత చదివితేగాని తేలదు. గట్టు మీది కొమ్మలు తుంచి సంచిలో వేశాను. ఈసారి విడిగా.

"మేడం, మా కాలువ గూడ పేపర్ల పడ్తదా?" అంది లావణ్య.

"పడితే మంచిదే కదా. ఎవరైనా వచ్చి నీళ్ళు శుభ్రం చేయిస్తారేమో."

"ఎవ్వలు జేయియ్యరు. షెడ్డు బందువెడ్తరు. మా పనులు పోతయి." చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. నీలం రాలేదు. "మీకు దండం వెడ్త, మొక్క ముచ్చట మొక్కదే రాయిర్రి."

మా ఊరి సముద్రం పక్కన రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే చోట ఆడవాళ్ళూ నాతో ఇదే మాట అనేవాళ్ళు. అక్కడా నేను మొక్క ముచ్చటే రాసుకొచ్చాను.

తిరిగొచ్చాక

ఈసారి కింది అంతస్తుకు నేనే దిగి, దగ్గరుండి నూరించాను. రాజవ్వ పొలంలోది, లావణ్య కాలువ మీదిది, మా ఊరి ఉప్పు మళ్ళలోది పక్కపక్కన పెట్టి చదివితే, మూడు రాతలకూ తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్క ఇంటి మనుషులు. గుజరాతు తీరం ఇలకూర కూడా వాటికి దూరపు చుట్టమే. ఎవరికీ చెందని కొమ్మ మా వంశవృక్షం నుంచి రాలిపోయింది.

ప్రొఫెసరు గారు ఒక పూట మౌనం పాటించారు. మర్నాటికి తేరుకుని, "వలస! వలస కథ ఇంకా పెద్దది" అన్నారు. పత్రికలో సవరణ వేయిద్దామంటే, "చిన్న ఊరి పేపరు, ఎవరు గుర్తుంచుకుంటారు?" అన్నారు. వ్యాసంలో రాజేశం గారి పేరు మా పేర్ల సరసన ఉండాలని నేను పట్టుబట్టాను. చివరికి ఉంది, చివరనే. ఆయనకు ఫోను చేసి చెబితే సంతోషించారు. కాలేజీలో పిల్లలు గంగవాయిలి సారని పిలుస్తున్నారట. "పిలువనీయిర్రి మేడం. ఒక్క మొక్క పేరన్న గుర్తుంటది వాండ్లకు" అన్నారు.

తర్వాత రాజవ్వకు చేశాను. రెండు వానలు పడ్డాయని, గడ్డి మళ్ళీ మొలిచిందని చెప్పింది. దాని చుట్టాలు మా ఊళ్ళోనే ఉన్నారని చెబితే మర్యాదకు ఊఁ కొట్టింది. ఏం చెప్పాలో తోచక, మాటవరసకు ఒక సంగతి చెప్పాను. ఈ మొక్క నేలలో ఉప్పు పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. ఏటా పెరగనిచ్చి, కోసి, పొలం అవతల పారేస్తూ పోతే చవుడు మెల్లమెల్లగా తగ్గుతుందని కొన్ని చోట్ల చూశారు.

అటువైపు రాజవ్వ పక్కనున్న ఎవరినో ఆగమంది.

"చవుడు తగ్గుతదా?"

"పూర్తిగా పోతుందని చెప్పలేనమ్మా. ఏళ్ళు పడుతుంది. కొంత తగ్గొచ్చు."

"నా భూమిల గన్నిసార్లు తిరిగితిరి. దాని సుట్టాలు, పక్కాలు అన్ని అడిగితిరి. శాలువాలు కప్పుకుంటిరి. గీ ముచ్చట మొదలు జెప్పద్దా?"

చెప్పాల్సింది, తప్పేనన్నాను.

"సరే తియ్యి" అంది. "ఎప్పుడు కొయ్యాలె? పూత రాకముందా, పూత అచ్చినంకనా?"

తెలియదన్నాను. మా ల్యాబులో రెండు అంతస్తుల్లోనూ ఎవరికీ తెలియదు.

"తెలుసుకొని జెప్పు బిడ్డా" అంది రాజవ్వ. "అందాక నేను గొర్లను రానియ్య."